ఇక్కడొక సంతకం పెట్టు

నేను జీవితంలో మొదటిసారి పెట్టిన సంతకం నాది కాదు, మా నాయనది. ఏడో తరగతి క్వార్టర్లీలో లెక్కల్లో 19 మార్కులు వచ్చాయి. కార్డు ఇంట్లో చూపించే ధైర్యం లేదు. నాయన రాసిన పాత ఉత్తరం ఒకటి ఎదురుగా పెట్టుకుని, రఫ్ నోట్సులో పదిసార్లు సాధన చేసి, పదకొండోసారి ప్రోగ్రెస్ కార్డు మీద గీశాను. మా సార్ చూడగానే పట్టేశారు. సంతకం తప్పుగా ఉండి కాదు, మరీ శ్రద్ధగా ఉండి. "మీ నాయన ఇంత ఓపిగ్గా సంతకం పెట్టడురా" అన్నారు.

ఇప్పుడు నేనే లెక్కల సార్‌ని. ఏటా అలాంటి కార్డులు నాలుగైదు నా బల్ల మీదికొస్తాయి. మరీ శ్రద్ధగా ఉన్నవి నాకూ తెలిసిపోతాయి.

పోయిన ఏడాది మా బడిలో పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభలో 'వయసు నేర్పే పాఠాలు' అని నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇరవైలో స్నేహం, ముప్పైలో డబ్బు, నలభైలో ఆరోగ్యం, యాభైలో మనశ్శాంతి. వాట్సాప్‌లో తిరిగే ఆ వరస నాకూ కంఠతా వచ్చు. తీరా మైకు పట్టుకున్నాక ఒక్క ముక్కా నోట్లోంచి రాలేదు. బాగా చదవండి, ఆరోగ్యం జాగ్రత్త అని ఏదో అనేసి దిగొచ్చాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నాకు తెలిసినంతలో వయసు పెద్దగా ఏమీ నేర్పదు. నేను డబ్బు పోగొట్టుకుని, నిద్ర పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులన్నీ అప్పటికే నా చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరికి తెలుసు. కొందరు చెప్పలేదు. కొందరు 'వద్దు' అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. కొందరికైతే నాకు తెలియకపోవడమే లాభం. ఇవన్నీ కలిపి మనం 'అనుభవం' అని గౌరవంగా పిలుచుకుంటున్నాం.

ఇరవై ఏడేళ్లప్పుడు, డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఇంకా నిలదొక్కుకోకముందే, మా బడిలోనే పనిచేసే ఒకాయన లక్ష రూపాయల చిట్టీ పాడుకున్నాడు. పాట పాడుకున్నవాడికి డబ్బు ఊరికే చేతిలో పెట్టరు కదా. మిగతా వాయిదాలు కడతాడన్న భరోసాకి జామీనుదారులు కావాలి. గవర్నమెంటు ఉద్యోగులైతే మరీ మంచిది, జీతం ఎక్కడికీ పారిపోదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి పెళ్లికొడుకుగా ఎంత గిరాకీ ఉంటుందో జామీనుదారుగా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

"ఇక్కడొక సంతకం పెట్టు తమ్ముడూ, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడాయన. పెట్టాను. చదవలేదు. పెద్దాయన ఎదురుగా కూర్చుని చదవడం మొదలుపెడితే నమ్మకం లేదన్నట్టు ఉంటుందని మొహమాటం.

మా అమ్మ ముందే హెచ్చరించింది. ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన రోజే, "ఎవురికీ జామీను మాత్రం ఉండబాక అబ్బయ్యా" అంది. ఎందుకమ్మా అంటే "వద్దంటే వద్దు, అంతే" అంది. జామీను అంటే 'ఈయన మంచివాడు, నాకు తెలుసు' అని చెప్పే సాక్షి సంతకం లాంటిదని నేననుకున్నాను. కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 128వ సెక్షన్ ఒక్క వాక్యంలో తేల్చేసింది: ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారుడి బాధ్యతా అంతే. ముందు అతన్ని అడిగి, అతని ఆస్తి వేలం వేసి, అదీ చాలకపోతేనే నా గడప తొక్కాలన్న నియమం లేదు. ఇద్దరిలో ఎవరు సులువుగా దొరికితే వాళ్లని పట్టుకోవచ్చు. నేను సులువుగా దొరికాను.

ఆయన లాంగ్ లీవు పెట్టి ఊరొదిలాడు. కోర్టు డిక్రీ ఇచ్చింది, నా జీతం జప్తు చేయమన్న ఉత్తర్వు నేరుగా మా హెడ్మాస్టర్ బల్ల మీదికొచ్చింది. డిక్రీ వచ్చినా జీతమంతా ముట్టుకోవడానికి లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ కొంత మొత్తాన్ని వదిలేసి మిగిలినదాంట్లో మూడో వంతే జప్తు చేయనిస్తుంది. ఆ మూడో వంతు ఇరవై రెండు నెలలు కోశారు. అప్పుడే పెళ్లయింది. సంబంధం మాట్లాడుకున్నప్పుడు చెప్పిన జీతం ఒకటి, నెల మొదట్లో ఇంటికి తెచ్చేది ఇంకొకటి. అది మామగారికి వివరించిన సాయంత్రం నాకు ఇప్పటికీ పీడకలలా వస్తుంది. ఇంకో చిన్న సంగతి. అలా కట్టిన జామీనుదారుడు ఆ డబ్బు అసలువాడి దగ్గర రాబట్టుకోవచ్చని అదే చట్టం 145వ సెక్షన్‌లో ఉంది. నాకది నలభై దాటాక తెలిసింది. అప్పటికి కేసు వేసే గడువు ఎప్పుడో దాటిపోయింది.

జీతం కోత మొదలయ్యాక మా అమ్మ ఒక రాత్రి అసలు కథ చెప్పింది. వాళ్ల నాయన, అంటే మా తాత, ఎవరికో హామీ ఉండి కాడెద్దుల్ని పోగొట్టుకున్నాడట. అవతలివాళ్లు ఎద్దుల్ని తోలుకుపోతుంటే అమ్మ వాకిట్లో నిలబడి చూసిందట, పదేళ్ల పిల్ల. "మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "పుట్టింటి పరువు తీసే మాట ఎట్ట చెప్పేదిరా" అంది.

నా గొడవంతా ఇక్కడే. తాతలు కట్టించిన బావులూ వేసిన తోటలూ మనకి చెబుతారు. మోసపోయిన సంగతి మాత్రం పెట్టె అడుగున దాచేస్తారు. పిల్లల చేతికి 'వద్దు' ఒక్కటే వస్తుంది. కారణం లేని వద్దుని ఇరవై ఏడేళ్లవాడు ఎప్పుడూ ఖాతరు చేయడు. ఆ ఎద్దుల కథ నాకు తెలిసుంటే సంతకం పెట్టేవాణ్ణి కాదా? ప్రమాణం చేసి చెప్పలేను. కనీసం కాగితం చదివేవాణ్ణి.

చదవకుండా సంతకం పెట్టినందుకు నేను సిగ్గుపడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. దానికి పదేళ్లు వెనక్కి పోవాలి.

1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. ఇంటర్ చదువుతున్న నాలాంటివాళ్లు వాలంటీర్లు. రాములవారి గుడి అరుగు మీద, పెట్రోమాక్స్ లైటు కింద, పొలం పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ రాత్రి బడుల్లోంచే సారా మీద పోరాటం పుట్టింది. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం, ఆ తర్వాత జిల్లాలో సారా వేలంపాటల్ని అడ్డుకోవడం, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఇదంతా పుస్తకాలకెక్కింది. మా అరుగు మీద జరిగింది ఎక్కలేదు.

నా విద్యార్థుల్లో మా అవ్వ ఒకతి. నాయనని కన్నతల్లి. అప్పటికి ఆమెకి అరవై. మా తాత చిన్నవయసులోనే పోయాడు. ఆ తర్వాత మరిది తెచ్చిన ప్రతి కాగితం మీదా అవ్వ బొటనవేలు ఒత్తింది. ఎరువుల అప్పన్నాడు, పన్ను కాగితమన్నాడు. అరవై సెంట్ల మాగాణి వాటిల్లో ఏ కాగితంతో పోయిందో ఆమెకి ఈ రోజుకీ తెలియదు. "ఏలికి పూసిన సిరా ఆరకముందే పొలం పొయ్యింది" అనేది.

పేరు రాయడం రావడానికి మూడు నెలలు పట్టింది. పేరులో ఉన్న సున్నా తొందరగానే వచ్చింది, రూపాయి బిళ్ల పెట్టి గీసుకుంది. చివరి 'మ్మ' దగ్గర చాలా ఏడిపించింది. కింద మకారం వత్తు పెట్టేసరికి పలక అయిపోయేది. వచ్చిన రోజున ఇంటి గోడంతా బొగ్గుతో రాసింది, మా అమ్మ తిట్టింది. సంతకం వచ్చింది చాల్లే అని అవ్వ ఊరుకోలేదు. ఆ తర్వాత ఏ కాగితం ముందు పెట్టినా, పాల కేంద్రం రిజిస్టరైనా సరే, "ముందు చదువు, ఆనక పెడతా" అనేది. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

ఆ అరుగు మీద చాక్‌పీసు పట్టుకుని 'చదవకుండా వేలు వేయకండి' అని పాఠం చెప్పినవాణ్ణి నేనే. పదేళ్ల తర్వాత ఫార్మాలిటీ అన్న మాటకి పడిపోయినవాణ్ణీ నేనే. అవ్వకి అరవై ఏళ్ల వయసు నేర్పలేనిది ఆర్నెల్ల అరుగు నేర్పింది. నాకు మాత్రం చెప్పిన పాఠమే ఒంటికి పట్టలేదు.

ముప్పై మూడేళ్లప్పటి ప్రోనోటు సంగతి పొడుగ్గా చెప్పడానికి ఏమీ లేదు. దగ్గర చుట్టానికి లక్షన్నర ఇచ్చాను, రెవెన్యూ స్టాంపు మీద సంతకం కూడా పెట్టించుకున్నాను, అంటే తెలివి వచ్చిందనుకున్నాను. కనపడినప్పుడల్లా "ఇస్తాలే బావా" అనేవాడు. మూడేళ్లు దాటాయి. ప్రోనోటు ఆయుష్షు మూడేళ్లేనని, ఈలోగా ఎంతో కొంత కట్టించుకుని వెనక చెల్లు రాయించుకుని సంతకం తీసుకుంటే మళ్లీ ఆ రోజు నుంచి కొత్త మూడేళ్లు మొదలవుతాయని మా ఊళ్లో ఏడో తరగతి తప్పిన వడ్డీ వ్యాపారికి తెలుసు. బీఎస్సీ, బీఈడీ చదివిన నాకు తెలియదు. అంతే.

అప్పటినుంచి ఎనిమిదో తరగతికి వడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను. "రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతంరా?" సగం క్లాసు "రెండు శాతం సార్" అంటుంది. నూటికి నెలకి రెండు అంటే ఏడాదికి 24 అని బోర్డు మీద వేస్తే నోరు తెరుస్తారు. ఒకసారి వెనక బెంచీలో ఒక పిల్లాడు ఐదు రూపాయల వడ్డీకి లెక్క వేసుకుని, 60 అని రాసి, మళ్లీ చెరిపి, మళ్లీ 60 అనే రాసి, అలా చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు వాళ్లమ్మ బడికొచ్చింది. "పిల్లోడికి ఇంటి అప్పులెందుకు సార్? రాత్రి అన్నం తినలేదు" అంది.

ఆమె కోపంలో న్యాయం ఉంది. పెద్దవాళ్లు అన్నీ సిగ్గుతోనే దాచరు. పిల్లలు నిద్రపోవాలని కూడా దాచుతారు. పద్నాలుగేళ్లవాడి నెత్తిన 60 శాతం పెట్టే హక్కు నాకెవరిచ్చారని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. అయినా ఆ ప్రశ్న మానలేదు. ఇంకో నాలుగేళ్లకి వాడి చేతిలో ఫోను ఉంటుంది. ఫోనులో లోన్ యాప్ ఉంటుంది. 'అంగీకరిస్తున్నాను' అన్నచోట వేలు పెడితే చాలు. మా అవ్వ మూడు నెలలు కష్టపడి వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చింది. మనం హాయిగా సంతకం నుంచి మళ్లీ వేలిముద్రకి వెళ్లాం.

ఇంతదాకా నేను చెప్పినదానికి అడ్డం పడే అనుభవం నా దగ్గరే ఒకటుంది. దాన్ని దాచడం న్యాయం కాదు.

2015లో మా నాయన కాలి బొటనవేలు షుగర్ వల్ల నల్లబడింది. తీసేయకపోతే పాదం దాకా పాకుతుందన్నారు. "పేషెంట్ తాలూకు ఎవరు?" అని కేక వేస్తే నేను వెళ్లాను. ఇంగ్లీషులో రెండు పేజీల ఫారం. ఈసారి చదివాను, మొత్తం చదివాను. చదివి సంతకం పెట్టాను. నలభై ఒకటో ఏట బాధ్యత గల కొడుకుగా చేయాల్సిన పని చేశాననుకున్నాను. నాయన అక్కడికి ఇరవై అడుగుల దూరంలో మంచం మీద పూర్తి స్పృహలో ఉన్నాడు, పక్క మంచం ఆయనతో వరి ధర గురించి మాట్లాడుతున్నాడు.

ఇంటికొచ్చాక వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం కట్టు మారుస్తుంటే అన్నాడు: "నా ఏలు గదరా. నన్నొక మాట అడగాల్సింది."

రోగి మేజర్ అయి, స్పృహలో ఉండి, ఆలోచించే స్థితిలో ఉన్నప్పుడు ఆ ఒప్పుకోలు ఆ మనిషే ఇవ్వాలని, బంధువుల సంతకం దానికి బదులు కాదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో ఒకామె మత్తులో ఉండగా వాళ్లమ్మ సంతకం తీసుకుని గర్భసంచి తీసేసిన కేసు అది. నాకు ఆ తీర్పు తెలిసుంటే ఫారం తీసుకెళ్లి నాయన చేతికిచ్చేవాణ్ణి. నిజమే. కానీ ఇచ్చి, మంచం అంచున కూర్చుని, 'నాయనా, వేలు తీసేస్తారంట' అని మొహంలోకి చూసి చెప్పగలిగేవాణ్ణా? చెప్పలేకే ఆ ఇరవై అడుగులు నడవలేదు. ఫారం చదవడం వచ్చింది గానీ నాయనతో మాట్లాడటం రాలేదు. అది ఏ సెక్షన్‌లోనూ లేదు. వయసు అలాంటివేమైనా నేర్పుతుందేమో, నాకైతే ఆయన పోయేలోగా కొద్దికొద్దిగా వచ్చింది.

2019లో నాయన పోయాడు. వీలునామా లేదు. ఉన్న రోజుల్లో ఆ మాట ఎత్తితే అశుభం. వీలునామాకి స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్లతో పెట్టిస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంత సులువైన పని ఊళ్లో ఎవరూ చేయరు. నాయన సొంత సంపాదనతో కొన్నది నెల్లూరులో నలభై అంకణాల స్థలం. మా అన్నా నేనూ చెరి సగం అనుకున్నాం. అమ్మ మాతోనే ఉంటుంది, చెల్లెలికి పెళ్లప్పుడు ఇచ్చేశాం, లెక్క తేలిపోయింది.

రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు రాసేవాయన కళ్లజోడు మీదుగా చూసి, "మీ నాయనని కన్నతల్లి ఉందా?" అన్నాడు. ఉంది, ఎనభై ఎనిమిదేళ్లు. "అయితే ఐదు వాటాలు" అన్నాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో వీలునామా లేకుండా పోయిన మగవాడి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంది. అందరికీ సమానం. ఐదు ఎనిమిదులు నలభై. లెక్కల సార్‌కి ఆ భాగహారం నలభై ఐదేళ్లప్పుడు చెట్టు కింద తెలిసింది.

దానికేముంది, హక్కు విడుదల పత్రం రాస్తే సరిపోతుందన్నాడాయన. అమ్మ, చెల్లెలు, అవ్వ తమ వాటాలు మా ఇద్దరికీ వదులుకున్నట్టు. రాయించాం. అమ్మ పెట్టింది. చెల్లెలు సెలవు మీద వచ్చి ఉంది, వంటింట్లో తాలింపు వేస్తుంటే వెళ్లి, "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అన్నాను. చెయ్యి చీరకి తుడుచుకుని పెట్టింది. అవ్వ దగ్గరికి తీసుకెళ్లాను.

"చదువు" అంది.

గబగబా చదివాను. అవ్వ మధ్యలో ఆపింది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. కాసేపు గోడకేసి చూసి, "వొదులుకోవాలంటే ముందు ఉండాలి గదరా. నాకు హక్కుండాదని ఎప్పుడు చెప్పినావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

"అమ్మికి చదివి వినిపించినావా?"

దానికీ లేదు. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అన్న పెట్టమన్నాడని పెట్టానవ్వా" అంది. మా అన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు. ముప్పై ఏళ్ల కిందట మా అవ్వ చేత బొటనవేలు వేయించుకున్న మరిదిని మా ఇంట్లో అందరం ఎన్ని మాటలన్నామో నాకు గుర్తుంది. ఆయన కూడా బహుశా తాలింపు వాసన వస్తుండగా, మామూలుగా, ప్రేమగానే అడిగి ఉంటాడు.

ఆ పత్రం నాలుగు రోజులు అవ్వ దిండు కింద ఉంది. ఐదో రోజు పిలిచి, చెల్లెలి ఎనిమిది అంకణాలు చెల్లెలికే ఉంచి, తన ఎనిమిదీ దానికే రాయమంది. అన్నకి కోపం వచ్చింది, రెండు పండగలు రాలేదు, తర్వాత వచ్చాడు. పాతది చించేసి కొత్తది రాయించాం.

రిజిస్ట్రేషన్ రోజు అవ్వని కారులో తీసుకెళ్లాం. ఆమె వయసు చూసి అక్కడి గుమస్తా అడక్కుండానే సిరా ప్యాడు ముందుకి జరిపాడు. అవ్వ దాన్ని పక్కకి నెట్టి పెన్ను అడిగింది. కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాసింది. 'మ్మ' దగ్గర ఈసారీ వత్తు గీత దాటి కిందికి పోయింది. తర్వాత మా అందరి వంతు. సంతకం ఎలా ఉన్నా రిజిస్ట్రేషన్‌లో వేలిముద్ర అందరూ వేయాల్సిందే కదా. నేను బొటనవేలు మెషీన్ మీద పెట్టి, సరిగ్గా పడలేదంటే మళ్లీ పెట్టి, మళ్లీ పెడుతుంటే అవ్వ కుర్చీలోంచి ముందుకి వంగి చూసింది.

"ఏందిరా అయ్యవారూ, నువ్వు కూడా ఏలిముద్రేనా?" అని పడీ పడీ నవ్వింది.